బొంతలో తప్పెవరిది?

క్విల్టింగ్ నేర్పే పుస్తకం ఏది తిరగేసినా తప్పుల జాబితా ఒకటి కనిపిస్తుంది. కొత్త గుడ్డను ఉతక్కుండా కత్తిరిస్తే తర్వాత ముడుచుకుపోతుంది. ముదురు రంగు పక్కన తెలుపు పెడితే రంగు దిగుతుంది. పొరలకు కచ్చాకుట్టు వెయ్యకపోతే ముడతలు పడతాయి. ఇదంతా చదువుతుంటే నాకు మన బొంత గుర్తొచ్చింది. వీటిలో మొదటి రెండూ అసలు కుట్టులో తప్పులు కావు, కొత్త గుడ్డతో వచ్చే చిక్కులు.

మా సిరికొండ, ఆర్మూరు వైపు బొంత అంటే కట్టి కట్టి మెత్తబడ్డ నూలు చీరలు, పంచెలే. ఏళ్ళ తరబడి బండ మీద దెబ్బలు తిన్న చీర ఇంకేం ముడుచుకుంటుంది? దిగాల్సిన రంగంతా ఎప్పుడో వాగులో దిగిపోయి ఉంటుంది.

అలాగని బొంతలో తప్పులు లేవని కాదు, అవి వేరు. చీర అంతా ఒకేలా అరగదు. కాళ్ళకు తగిలే అంచు, కూర్చునే చోటు ముందు పల్చబడతాయి. అరిగిన చోటి మీద అరిగిన చోటే వచ్చేలా పరిచారా, బొంత అక్కడే చినుగుతుంది. కుట్టు దూరమైతే లోపలి పీలికలు జరిగి ఓ మూల గడ్డకడతాయి. పొరలు మరీ ఎక్కువైతే సూదీ దిగదు, ఉతికాక తొందరగా ఆరదు. కుట్టు వంకర పోవడం మాత్రం ఈ లెక్కలోకే రాదు. వంకర కుట్టు కింద చలేమీ ఎక్కువ వెయ్యదు కదా.

మరి వంకర కుట్టు తప్పని ఎవరన్నారు? అమెరికాలో అలబామా రాష్ట్రపు నల్లజాతి స్త్రీలు 1966లో ‘ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ’ అనే సహకార సంఘం పెట్టుకున్నారు. పెద్ద పెద్ద దుకాణాల ఆర్డర్లు వచ్చాయి. వాటికి ప్రతి ముక్కా ఒకే కొలతలో, ఒకేలా ఉండాలి. చేతికి తోచినట్టు అల్లుకుపోయే అలవాటు అక్కడ లోపమైంది. అదే జీస్ బెండ్ ఊరి స్త్రీలు పాత పనిబట్టలతో కుట్టుకున్న క్విల్టుల్ని 2002లో న్యూయార్క్ విట్నీ మ్యూజియం గోడలకెక్కించింది. దుకాణంలో లోపమైంది మ్యూజియంలో కళ అయింది. పుస్తకాలు మధ్యలోంచి అంచులకు కుట్టమంటాయి. ఉత్తర కన్నడ సిద్దీ స్త్రీలు ఒక మూల మొదలుపెట్టి, అంచుల వెంట చుట్టూ తిరుగుతూ మధ్యకు చేరతారు. వాళ్ళ కవందులూ నిక్షేపంగా నిలుస్తున్నాయి.

బొంతను నిజంగా దెబ్బతీసింది పాలియెస్టర్. 1985 జౌళి విధానం సింథటిక్ నూలుకు తలుపులు తెరిచింది. చవగ్గా దొరికే, తొందరగా ఆరే, ఇస్త్రీ అక్కర్లేని చీర పొలం పనికి పోయే మనిషికి నిజంగానే సుఖం. కానీ అది బొంతకు పనికిరాదు. పొర మీద పొర జారుతుంది. చెమట పీల్చదు. నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. ఎంత చెయ్యి తిరిగిన మనిషైనా దాంతో మంచి బొంత కుట్టలేదు. ఈలోగా గల్ఫ్ పోయినవాళ్ళు మెత్తటి, బరువైన దుప్పట్లు మోసుకొచ్చారు.

బొంతలు ఎందుకు పోయాయంటే అందరూ చెప్పే జవాబు ఒకటే: “ఇప్పటి ఆడవాళ్ళకు ఓపిక లేదు.” నిజామాబాద్ జిల్లాలో ఇంటింటా బీడీలు చుడతారు. కూలి వెయ్యి బీడీల లెక్కన కడతారు. ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మళ్ళీ ఇంకో ఆకు అందుకునే ఆ వేళ్ళకా ఓపిక లేనిది? పోయింది నూలు చీర. కూలి లేని పనికి మిగిలే పొద్దు కూడా పోయింది. గుడ్డ లోపాన్ని, కాలం లోపాన్ని చేతుల మీదికి నెట్టడమే బొంత చరిత్రలో మనం చేస్తున్న తప్పు. కుట్టు విప్పి మళ్ళీ వెయ్యాల్సింది అక్కడే.