చదరంగము – మన ఎత్తులు, మన మాటలు

మాదాపూరులో మా అబ్బాయి ఇంట కొన్ని నెలలుగా ఉంటున్నాను. సాయంకాలపు నడకదారిలో ఒక టీ దుకాణం ఉన్నది. మెడలో గుర్తింపు కార్డులు వేలాడే యువకులు ముగ్గురు రోజూ అక్కడ నిలబడి ఒకే ఫోనులోకి తొంగిచూస్తూ వాదించుకొంటూ ఉంటారు. క్రికెట్టు గొడవ కాబోలుననుకొన్నాను. చెవియొగ్గి వింటే అది చదరంగం! "ఇక్కడ కింగ్స్ ఇండియన్ ఆడవలసింది" అంటున్నాడొకడు. ఉండబట్టలేక, "ఇందులో ఇండియా ఎక్కడిది నాయనా?" అని అడిగాను. "తెలియదండీ, దాని పేరే అంత" అన్నాడు. ఆ ప్రశ్న వెంట నేను కొంత దూరం నడిచాను. ఆ నడకే ఈ వ్యాసం.

చతురంగమంటే ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాల్బలం కలిసిన సేన. ఏడవ శతాబ్దిలో బాణభట్టు హర్షచరిత్రలో ఈ ఆట ప్రస్తావన చేశాడు. పారసీకులు దీనిని చత్రంగ్ అన్నారు, అరబ్బులు శత్రంజ్ అన్నారు. ఐరోపా చేరాక ఆట వేగం పెరిగింది. మంత్రికి రాణి వేషం వేసి పలక అంతటా పరుగెత్తించారు. మన దేశంలో మాత్రం పాత నియమాలు చాలాకాలం నిలిచాయి. బంటు మొదటి ఎత్తులోనైనా ఒక్క గడియే నడిచేది. కోటకట్టడం లేదు, దానికి బదులు రాజు ఒకే ఒకసారి గుర్రంలా దూకవచ్చును.

పందొమ్మిదవ శతాబ్ది మధ్యకాలంలో కలకత్తాలో జాన్ కాక్రేన్ అనే న్యాయవాదితో మహేశచంద్ర బెనర్జీ అనే వంగదేశీయుడు వందల ఆటలు ఆడాడు. ఒక్కొక్క గడి నడిచే బంట్లకు అలవాటుపడిన చెయ్యి కావడంచేత, ఆయన నడుమ గడులను వెంటనే ఆక్రమించక, ప్రక్కబంటును ఒక గడి జరిపి, దాని వెనుక శకటును నిలిపి, దూరం నుంచి గురిపెట్టేవాడు. దొరలకు అది వింతగా తోచింది. ఈనాడు కింగ్స్ ఇండియన్, నిమ్జో ఇండియన్ వంటి ప్రారంభాలలో కనిపించే "ఇండియన్" అన్న పదం ఆ వాసన మోస్తున్నదే.

దక్షిణాదికీ ఇందులో వాటా ఉన్నది. 1814లో బొంబాయిలో చదరంగ సమస్యల పుస్తకమొకటి ఇంగ్లీషులో అచ్చయింది. సంస్కృత మూలం, అనువాదం త్రివేంగడాచార్య శాస్త్రివి. ఆయన తిరుపతివాడు. ఇన్ని పావులు ఇలా ఉన్నప్పుడు ఇన్ని ఎత్తులలో ఆట కట్టించుము – ఇదీ ఆ సమస్యల తీరు. అవధానంలో సమస్యాపూరణం ఎరిగిన మనకు ఈ పద్ధతి కొత్త కాదు.

ఇక మన నుడికారం చూడండి. ఎత్తుకు పైఎత్తు, పావులు కదపడం, ఆట కట్టించడం – చదరంగం పలక ఎన్నడూ ముట్టనివారు కూడా రోజూ వాడే మాటలివి. రథానికి మారుగా వచ్చిన శకటు అన్న పేరులో బండి అని అర్థమిచ్చే శకటం వినిపిస్తున్నదని నా ఊహ.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. నేను పనిచేసిన ఒక పాఠశాలలో ఇద్దరు పిల్లలు అట్టముక్క మీద గడులు గీసి, చింతగింజలు, సుద్దముక్కలు పావులుగా పెట్టుకొని ఆడుతూ పట్టుబడ్డారు. భారతంలో ధర్మరాజు జూదాన్ని ఉదాహరించి మందలించి, ఆ అట్టను వారి ఎదుటే చించివేశాను. పాచికల ఆటలో అదృష్టానికి చోటున్నది, చదరంగంలో లేదన్న భేదం పండితుణ్ణయిన నాకు అప్పుడు తట్టలేదు. మరునాడు అదే తరగతిలో "ఎత్తుకు పైఎత్తు" అన్న జాతీయానికి సొంతవాక్యం వ్రాయమన్నాను. మాటకు మార్కులు వేశాను, మాట పుట్టిన పలకను చించాను.

నావంటి పెద్దలు అలా అంటూ ఉండగానే తెలుగునాట చదరంగం పెరిగింది. కోనేరు అశోక్ అధ్యాపక వృత్తి మాని కుమార్తెకు శిక్షణ ఇచ్చాడు. గుడివాడలో పుట్టిన ఆ హంపి 2002లో 15 సంవత్సరాల 1 నెల 27 రోజుల వయస్సులో గ్రాండ్‌మాస్టరై జూడిట్ పోల్గార్ రికార్డును దాటింది. అదే ఏడు ప్రపంచ కప్పు పోటీ హైదరాబాదులో జరిగి ఆనంద్ గెలిచాడు. సైబర్ టవర్స్ ప్రారంభమై అప్పటికి నాలుగేళ్ళు. గుంటూరులో పుట్టిన హరికృష్ణ 2001లో, హారిక 2011లో, వరంగల్లు అర్జున్ ఎరిగైసి 2018లో గ్రాండ్‌మాస్టర్లయ్యారు. 2024 సెప్టెంబరులో బుడాపెస్టు ఒలింపియాడ్‌లో భారతదేశం రెండు స్వర్ణాలూ గెలిచినప్పుడు హరికృష్ణ, అర్జున్, హారిక ఆ జట్లలో ఉన్నారు.

అదే ఏడాది డిసెంబరు 12న సింగపూరులో, చెన్నైలో పెరిగిన తెలుగింటి బిడ్డ గుకేశ్ డింగ్ లిరెన్‌ను ఓడించి ప్రపంచ విజేత అయ్యాడు. పద్నాలుగవ ఆట, 55వ ఎత్తు. గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువ. అయినా ఆట సమం కావలసిందే. డింగ్ ఏనుగుల మార్పిడికి దిగాడు. అతని శకటు మూలగడిలో ఉన్న సంగతి మరచాడు. గుకేశ్ ఏనుగును తీసి, తన శకటును దానికి ఎదురు నిలిపాడు. తప్పించుకొనే దారి లేదు. శకటులు కూడా మారిపోయాయి. మిగిలినవి రాజులు, బంట్లు. 58వ ఎత్తుకు డింగ్ ఓటమి ఒప్పుకొన్నాడు.

ఈ ఘట్టాన్ని టీ దుకాణం కుర్రవాళ్ళకు పై మాటలతోనే చెప్పాను. మొదట నవ్వారు. తరువాత ఒకడు, "శకటు అంటే బిషప్పాండీ? మా తాతగారు అనేవారు" అన్నాడు. మరునాడు నన్ను కూర్చోబెట్టి ఆడించారు. ఇరవై ఎత్తులకే నా ఆట కట్టించారు. వారు నాకు ప్రారంభాలు నేర్పుతున్నారు, నేను వారికి మాటలు నేర్పుతున్నాను.

ఆ అట్టముక్క పిల్లలిద్దరూ ఇప్పుడు ఎక్కడున్నారో తెలియదు. వారు ఆట మానలేదనే నా ఆశ. మిత్రులారా, మీ ఊళ్ళలో పెద్దలు ఈ పావులను, ఎత్తులను ఏ పేర్లతో పిలిచేవారో తెలియజేయగోరుతాను. ఆ మాటలు పోకముందే ఒకచోట వ్రాసి పెట్టుకొందాము.