నెలలు నిండని నిరీక్షణ: విదేశీ దత్తతలో గడువులు, సన్నద్ధత - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఒక దేశంలో పుట్టిన బిడ్డను మరో దేశానికి చెందిన దంపతులు దత్తత తీసుకోవాలంటే నెలల తరబడి, కొన్ని సందర్భాల్లో ఏళ్ల తరబడి ఎదురుచూడవలసి వస్తుంది. ఈ నిరీక్షణను సాధారణంగా కార్యాలయాల జాప్యంగానే భావిస్తారు. భారతదేశంలో విదేశీ దత్తతల న్యాయచరిత్రను, 1999-2001 మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన పరిణామాలను కలిపి పరిశీలిస్తే, ఈ కాలంలో కొంత భాగం కన్నతల్లికీ బిడ్డకూ రక్షణగా ఏర్పరచిన గడువు అని తెలుస్తుంది. ఆ గడువులు ఎలా ఏర్పడ్డాయో, వాటిని దాటవేసినప్పుడు ఎవరు నష్టపోయారో, దత్తత కోరేవారి సన్నద్ధత కాలక్రమంలో ఎలా మారిందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: దత్తత, విదేశీ దత్తత, నిరీక్షణ, అప్పగింత, గృహాధ్యయన నివేదిక, లంబాడా తండాలు, హేగ్ ఒప్పందం.

1. ఉపోద్ఘాతం:

తెలుగువారి ఇళ్లలో బిడ్డ కోసం ఎదురుచూడటానికి ఒక లెక్క ఉంది. నెల తప్పడం, సీమంతం, నెలలు నిండటం, పురుడు, బారసాల అన్నవి ఆ లెక్కలోని మజిలీలు. ప్రతి మజిలీకీ ఒక వేడుకో, ఒక జాగ్రత్తో ఉంటుంది. చుట్టాలకు, ఇరుగుపొరుగు వారికి ఆ లెక్క తెలుసు. దత్తత కోసం ఎదురుచూసేవారికి ఇటువంటి లెక్క లేదు. ముఖ్యంగా, తాము ఎన్నడూ చూడని దేశంలోని బిడ్డ కోసం ఎదురుచూసేవారి కాలాన్ని దరఖాస్తులు, నివేదికలు, కోర్టు ఉత్తర్వులు, ప్రవేశానుమతులు కొలుస్తాయి.

ఈ నిరీక్షణపై ఇప్పటివరకు జరుగుతున్న చర్చలో ఎక్కువగా వినిపించేది దత్తత కోరే దంపతుల స్వరమే. అయితే ఇందులో ముగ్గురి కాలం ఇమిడి ఉంది. బిడ్డను ఇవ్వాలో వద్దో నిర్ణయించుకోవలసిన కన్నతల్లి కాలం మొదటిది. శిశుగృహంలో పెరుగుతున్న బిడ్డ కాలం రెండవది. దూరదేశంలో సిద్ధమవుతున్న దంపతుల కాలం మూడవది. ఈ మూడింటినీ సమన్వయపరచడానికి జరిగిన ప్రయత్నాల చరిత్రగా విదేశీ దత్తతల చట్టాలను చదవవచ్చునన్నది ఈ వ్యాసంలోని ప్రతిపాదన.

2. తెలిసిన బిడ్డ నుంచి తెలియని బిడ్డ వరకు:

ధర్మశాస్త్రాలు పేర్కొన్న పన్నెండు విధాలైన పుత్రులలో దత్తకుడు ఒకడు. నందపండితుని ‘దత్తకమీమాంస’ వంటి గ్రంథాలు దత్తతకు నియమాలను విస్తరించాయి. పిండప్రదానం, వంశం, ఆస్తి అనే మూడు ప్రయోజనాల చుట్టూ ఆ నియమాలు అల్లుకొని ఉన్నాయి. ఆచరణలో తెలుగు కుటుంబాలు ఎక్కువగా అన్నదమ్ముల బిడ్డలనో, అక్కచెల్లెళ్ల బిడ్డలనో దత్తత చేసుకునేవి. బిడ్డ పుట్టుక, తల్లిదండ్రులు, ఊరు అన్నీ ముందే తెలుసు కాబట్టి ప్రత్యేకంగా ఎదురుచూడవలసిన అవసరం అంతగా ఉండేది కాదు. మంచి ముహూర్తం చూసి బిడ్డను ఒడిలోకి తీసుకుంటే దత్తత పూర్తయ్యేది.

1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం ఈ సంప్రదాయాన్ని కొన్ని మార్పులతో శాసనంగా మలిచింది. ఆడపిల్లను దత్తత తీసుకునే హక్కు, స్త్రీ దత్తత తీసుకునే హక్కు అందులో చేరాయి. దత్తహోమం తప్పనిసరి కాదని, బిడ్డను ఇవ్వడం, పుచ్చుకోవడం మాత్రం వాస్తవంగా జరగాలని ఆ చట్టం నిర్దేశించింది. ఇచ్చేవారూ పుచ్చుకునేవారూ ఎదురెదురుగా ఉంటారన్న భావన దీనికి మూలం. విదేశీ దత్తతలో ఈ భావనే కుదరదు. పైగా ఈ చట్టం హిందువులకే వర్తిస్తుంది. కాబట్టి విదేశీ దంపతులు 1890 నాటి సంరక్షకులు - రక్షితుల చట్టం కింద న్యాయస్థానం నుంచి సంరక్షకత్వం పొంది, బిడ్డను తమ దేశానికి తీసుకువెళ్లి, అక్కడి చట్టం ప్రకారం దత్తత చేసుకునేవారు. అందరికీ వర్తించే దత్తత చట్టం కోసం 1972లోనూ 1980లోనూ పార్లమెంటులో బిల్లులు ప్రవేశపెట్టినా అవి శాసనాలు కాలేదు. అందువల్ల బిడ్డ దేశం దాటే సమయానికి సంరక్షకుల చేతిలో మాత్రమే ఉండేది. దత్తసంతానమయ్యేది సముద్రం దాటిన తర్వాతే.

ఈ కాలానికే ప్రపంచంలో విదేశీ దత్తతలు విస్తరించాయి. కొరియా యుద్ధానంతరం 1955లో ఒక అమెరికన్ దంపతులు ఎనిమిది మంది కొరియా పిల్లలను దత్తత తీసుకోవడం ఈ విస్తరణకు ప్రసిద్ధమైన ఆరంభం. తొలినాళ్లలో దంపతులు బిడ్డను చూడకుండానే ప్రతినిధి ద్వారా దత్తత పూర్తిచేసుకునే పద్ధతి కూడా అక్కడ సాగింది. నిరీక్షణ తగ్గింది కానీ విచారణ కూడా తగ్గింది. దశాబ్దాల తర్వాత, 2025 మార్చిలో, దక్షిణ కొరియా సత్య - సయోధ్య సంఘం విదేశీ దత్తతల్లో పత్రాల తారుమారు వంటి అక్రమాలు జరిగాయని, అందుకు ప్రభుత్వానిదీ బాధ్యతేనని తేల్చింది.

3. 1984 తీర్పు - గడువుకు గుర్తింపు:

భారతదేశంలో విదేశీ దత్తతలకు స్పష్టమైన రూపం వచ్చింది లక్ష్మీకాంత్ పాండే కేసులో. విదేశాలకు పిల్లలను పంపే సంస్థల అక్రమాలను ప్రస్తావిస్తూ లక్ష్మీకాంత్ పాండే అనే న్యాయవాది రాసిన లేఖను సుప్రీంకోర్టు 1982లో వ్యాజ్యంగా స్వీకరించింది. 1984 ఫిబ్రవరి 6న జస్టిస్ పి.ఎన్. భగవతి వెలువరించిన తీర్పు, పార్లమెంటు చట్టం చేసేవరకు పాటించవలసిన పద్ధతిని నిర్దేశించింది.

ఆ తీర్పును కాలం దృష్టితో చదివితే మూడు అంశాలు కనిపిస్తాయి.

మొదటిది, కన్నవారికి సంబంధించినది. బిడ్డ పుట్టకముందు గానీ, పుట్టిన మూడు నెలల లోపు గానీ దత్తతకు ఇచ్చే నిర్ణయం తీసుకునేలా కన్నవారిని ప్రేరేపించరాదని న్యాయస్థానం చెప్పింది. బిడ్డను తామే పెంచుకోగలమా అని ఆలోచించుకోవడానికి వారికి తగిన వ్యవధి ఉండాలన్నది దాని భావం.

రెండవది, బిడ్డకు సంబంధించినది. విదేశీ దత్తత బిడ్డకు మూడేళ్లు నిండకముందే జరగడం మంచిదని, సంరక్షకత్వ దరఖాస్తులను రెండు నెలల్లో పరిష్కరించాలని తీర్పు సూచించింది. పెద్దవారికి రెండు నెలలు స్వల్పకాలమే కావచ్చు. బోర్లాపడే బిడ్డ ఆ రెండు నెలల్లో పాకడం నేర్చుకుంటుంది, ఎత్తుకునే ఆయాను గుర్తుపట్టి అంటిపెట్టుకుంటుంది. ఆ బంధం తెగిన బాధ కూడా బిడ్డదే.

మూడవది, దేశానికి సంబంధించినది. ముందుగా భారతీయ కుటుంబాల్లో స్థానం వెతికి, అది దొరకనప్పుడే విదేశీ కుటుంబాలను పరిశీలించాలి. అంటే విదేశీ దంపతులు తమ వరుస వచ్చేవరకు ఆగడం ఈ పద్ధతిలో అంతర్భాగమైంది.

తల్లికి వ్యవధి పెంచడం, బిడ్డకు ఆలస్యం తగ్గించడం అనే రెండు లక్ష్యాలూ ఒకదానికొకటి ఎదురుగా నిలుస్తాయి. ఆ వైరుధ్యాన్ని తీర్పు దాచలేదు. రెండింటికీ వేర్వేరు కొలతలు ఇచ్చింది.

4. సన్నద్ధత - గృహాధ్యయన నివేదిక:

దత్తత కోరే దంపతుల నిరీక్షణ ఖాళీ కాలం కాకుండా చూసే సాధనం గృహాధ్యయన నివేదిక. దంపతుల దేశంలో గుర్తింపు పొందిన సంస్థకు చెందిన సాంఘిక కార్యకర్త వారి ఇంటికి వెళ్లి దీన్ని తయారుచేయాలి. ఆదాయం, ఆరోగ్యం, ఇంటి వసతి వంటివి ఇందులో ఉండటం సహజం. వీటితోపాటు భార్యాభర్తల అనుబంధం, ఇంట్లో ఉన్న పిల్లలతో సంబంధం, ఇరుగుపొరుగుతో మెలిగే తీరు, తాతమ్మలు, బంధువులు దత్తతను ఎలా చూస్తున్నారు, భారతీయ శిశువునే ఎందుకు కోరుతున్నారు అన్న విషయాలను కూడా 1984 తీర్పు అడిగింది. బిడ్డ చేరబోయేది ఇద్దరి చేతుల్లోకే కాదు, ఒక బంధువర్గంలోకి, ఒక వీధిలోకి అన్న అవగాహన ఈ ప్రశ్నల్లో ఉంది. పెళ్లి సంబంధం చూసేటప్పుడు మన పెద్దలు వాకబు చేసే విషయాలకు ఇవి దగ్గరగా ఉండటం గమనార్హం.

దీనికి జతగా ఇటునుంచి శిశు అధ్యయన నివేదిక వెళుతుంది. బిడ్డ ఆరోగ్యం, ఎదుగుదల, నేపథ్యం, ఒక ఛాయాచిత్రం అందులో ఉంటాయి. దంపతులకు బిడ్డతో తొలి పరిచయం ఆ ఛాయాచిత్రమే. కాగితాలు పూర్తయ్యేసరికి బిడ్డ ఆ చిత్రంలోని బిడ్డగా ఉండదు. తాము ఎదురుచూస్తున్న రూపాన్ని మరచిపోయి, వచ్చిన బిడ్డను స్వీకరించగలగడమే సన్నద్ధతలో అన్నిటికన్నా కష్టమైన భాగం.

5. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అనుభవం (1999-2001):

ఈ నియమాలు అమల్లో ఉన్న కాలంలోనే తెలుగునేల విదేశీ దత్తతల చర్చకు కేంద్రమైంది. 1999లోనూ తిరిగి 2001లోనూ హైదరాబాదు పరిసరాల్లోని కొన్ని దత్తత సంస్థలపై కేసులు నమోదయ్యాయి. అక్కడి శిశువులను ప్రభుత్వం తన సంరక్షణలోకి తీసుకుంది. వారిలో ఎక్కువమంది నల్లగొండ వంటి జిల్లాల లంబాడా తండాల్లో పుట్టిన ఆడపిల్లలు. మధ్యవర్తులు తండాలకు వెళ్లి, కొద్దిపాటి డబ్బు ముట్టజెప్పి శిశువులను తెచ్చారన్నది ప్రధాన ఆరోపణ.

దీని వెనుక ఉన్న సామాజిక కారణాలను గీతా రామస్వామి, భంగ్యా భూక్యా వంటి పరిశోధకులు విశ్లేషించారు. లంబాడా సమాజంలో వరుడి పక్షం ఓలి ఇచ్చే ఆచారం ఉండేది. ఆ స్థానంలోకి వరకట్నం వచ్చింది. జీవనాధారాలు దెబ్బతిన్న కుటుంబాలకు రెండవ, మూడవ ఆడపిల్ల భారంగా కనిపించడం మొదలైంది. తండాలో ఆడపిల్ల విలువ పడిపోతున్న కాలంలోనే, దూరదేశాల్లో బిడ్డ కోసం ఎదురుచూసే దంపతుల సంఖ్య పెరిగింది. మధ్యవర్తి నిలబడింది ఈ రెంటి నడుమ.

ఇక్కడ ఒక పదాన్ని పరిశీలించాలి. తెలుగులో ‘అప్పగింతలు’ అనగానే పెళ్లి గుర్తుకు వస్తుంది. కన్నవారు కూతురిని అత్తవారి చేతిలో పెట్టి, బాగా చూసుకోమని నలుగురి ముందు కోరే ఘట్టమది. తర్వాత కూడా రాకపోకలు ఉంటాయి. దత్తత పత్రాల్లోని ‘అప్పగింత’కు ఈ లక్షణాలేవీ లేవు. చదవలేని కాగితంపై వేలిముద్ర వేసిన తల్లికి తాను చేసినది తిరిగిరాని అప్పగింత అని తెలిసిందా అన్నదే అసలు ప్రశ్న. 1984 తీర్పు ఇచ్చిన మూడు నెలల వ్యవధి ఉద్దేశం ఆమెకు ఆ ఎరుక కలిగించడమే. ఆ వ్యవధిని దాటవేసినప్పుడు తల్లి నిర్ణయం బేరంగా మారింది.

2001లో రాష్ట్ర ప్రభుత్వం పేదరికం, అధిక సంతానం, ఆడపిల్ల పుట్టడం అనే కారణాలతో కన్నవారు శిశువులను దత్తత సంస్థలకు అప్పగించడాన్ని నిషేధించింది. అప్పటికే దత్తత ప్రక్రియలో ఉన్న శిశువులు ప్రభుత్వ శిశువిహార్‌లో ఉండిపోయారు. ఛాయాచిత్రం చేతిలో పెట్టుకొని ఇల్లు సిద్ధం చేసుకున్న విదేశీ దంపతులు న్యాయస్థానాల నిర్ణయాల కోసం ఆగవలసి వచ్చింది. వారిలో చాలామందికి ఆ శిశువుల వెనుక కథ తెలిసి ఉండే అవకాశం తక్కువ. తల్లి విషయంలో మిగుల్చుకున్న కాలాన్ని చివరకు బిడ్డలూ ఈ దంపతులూ చెల్లించారు.

6. హేగ్ ఒప్పందం నుంచి నేటి చట్టం వరకు:

1993 మే 29న రూపొందిన హేగ్ ఒప్పందం విదేశీ దత్తతలకు అంతర్జాతీయ ప్రమాణమైంది. తల్లి సమ్మతి బిడ్డ పుట్టిన తర్వాతే తీసుకోవాలని, ఆ సమ్మతి వెనుక డబ్బు ఉండరాదని, బిడ్డ మూలాలకు సంబంధించిన సమాచారాన్ని భద్రపరచాలని అది నిర్దేశించింది. భారతదేశం 2003లో దీన్ని ఆమోదించింది. 1990లో ఏర్పడిన కేంద్ర దత్తత వనరుల సంస్థ (కారా) ఇందుకు దేశంలో కేంద్రాధికార సంస్థగా వ్యవహరిస్తోంది.

2015 నాటి బాలల న్యాయ చట్టం గడువులను శాసనంలోనే చేర్చింది. బిడ్డను అప్పగించిన కన్నవారికి పునరాలోచనకు రెండు నెలల వ్యవధి ఉంది. దొరికిన బిడ్డ రెండేళ్లలోపు వయసుదైతే రెండు నెలల్లోనూ అంతకు పైబడినదైతే నాలుగు నెలల్లోనూ దత్తతకు అర్హత ప్రకటించాలి. ఆ తర్వాత అరవై రోజుల్లో దేశంలోని భారతీయ కుటుంబం గానీ ప్రవాస భారతీయ కుటుంబం గానీ లభించకపోతే, ఆ బిడ్డను విదేశీ దత్తతకు పరిగణించవచ్చు. వైకల్యం ఉన్న పిల్లలకు, తోబుట్టువులకు, అయిదేళ్లు దాటినవారికి ఇందులో ప్రాధాన్యం ఉంది.

ఈ క్రమం వల్ల సన్నద్ధత స్వరూపం మారింది. ఒకప్పుడు విదేశీ దంపతులు ఉయ్యాల సిద్ధం చేసుకుని పసికందు కోసం ఎదురుచూసేవారు. ఇప్పుడు వైద్యం, చికిత్స అవసరమైన బిడ్డకో, అప్పటికే ఒక భాష, ఒక పేరు, కొన్ని జ్ఞాపకాలు ఉన్న బిడ్డకో సిద్ధం కావలసి ఉంటుంది. తెలుగు మాట్లాడే ఆరేళ్ల బిడ్డ మరో దేశపు ఇంట్లో అడుగుపెట్టినప్పుడు ‘ఆకలి’, ‘నొప్పి’, ‘భయం’ అన్న మాటలు ఆ ఇంట్లో ఒక్కరికైనా అర్థం కావాలి. ఆ బిడ్డను కూడా సిద్ధం చేయాలి. వెళ్లబోయే ఇంటి చిత్రాలు చూపడం, ప్రశ్నలకు నిజం చెప్పడం శిశుగృహం బాధ్యత. అయిదేళ్లు దాటిన బిడ్డ సమ్మతిని నిబంధనలు కోరడం ఈ దృష్టితోనే. బిడ్డ చేరిన తర్వాత కూడా రెండేళ్లపాటు ప్రగతి నివేదికలు రావాలి.

దత్తసంతానం పెద్దయ్యాక మొదలయ్యే మరో నిరీక్షణ కూడా ఉంది. కన్నతల్లిని వెతుక్కుంటూ వచ్చినవారికి పాత పత్రాలే ఆధారం. వాటిలో ఊరి పేరు, తల్లి పేరు తప్పుగా ఉంటే ఆ నిరీక్షణకు అంతం ఉండదు. ఆనాడు హడావుడిగా నింపిన ఒక్క గడి ముప్ఫై ఏళ్ల తర్వాత ఒకరి జీవితప్రశ్న అవుతుంది.

7. ముగింపు:

* విదేశీ దత్తతలోని నిరీక్షణ అంతా ఒకే రకమైనది కాదు. కన్నతల్లి ఆలోచించుకోవడానికి ఇచ్చిన గడువు, బిడ్డ నేపథ్యాన్ని విచారించడానికి పట్టే కాలం రక్షణలు. ఫైలు కదలక గడిచిపోయే కాలం మాత్రమే జాప్యం. సంస్కరణలు రెండింటినీ కలిపి చూడరాదు.
* 1984 తీర్పు నుంచి 2015 చట్టం వరకు కన్నవారి వ్యవధి ఏదో ఒక రూపంలో కొనసాగింది. దాని అవసరాన్ని 1999-2001 నాటి తండాల అనుభవం నిరూపించింది.
* పేదరికం కారణంగా జరిగే అప్పగింతకు నిషేధం ఒక్కటే పరిష్కారం కాదు. తల్లి బిడ్డను పెంచుకోగల స్థితి లేనప్పుడు ఆమెకిచ్చిన వ్యవధి కాగితం మీదే మిగులుతుంది.
* దత్తత కోరేవారి సన్నద్ధతలో ఇల్లు, ఆదాయంతోపాటు బిడ్డ భాషను, గతాన్ని గౌరవించే గుణం కూడా చేరాలి. ఎదురుచూసే నెలలు అందుకు ఉపయోగపడే కాలం.
* తండాల నుంచి వెళ్లిన శిశువులు నేడు పాతికేళ్ల వయసులో ఉన్నారు. వారి అనుభవాలు, వారి కన్నతల్లుల జ్ఞాపకాలు మౌఖిక చరిత్రగా నమోదు కావలసి ఉంది. తల్లుల తరం వృద్ధాప్యానికి చేరువవుతున్నందున తెలుగు పరిశోధకులు ఈ పనిని ఆలస్యం చేయరాదు.