పూతపలక పిడి

నున్నని గోడను మెచ్చుకొందుము. దానిని నునుపుచేసిన చేతిని తలంచుట అరుదు. ఈజిప్టునందలి కాహూన్ అను పిరమిడు పనివారి ఊరిలో పీట్రీ పండితుడు 1889-90లో జరిపిన త్రవ్వకములందు గోడపూతను చదునుచేయు కొయ్యపలకలు లభించినవి. అవి దాదాపు 3,800 సంవత్సరముల నాటివి. పలక వీపున పిడి యుండుటచే వ్రేళ్లు తడిపూతకు ఎడముగా నుండును.

సున్నపు పూతలో ఈ ఎడము మరింత అవసరము. తడిసున్నము చర్మమును కాల్చును గదా! ఇటలీ వైద్యుడు రామజ్జీనీ 1700లో ప్రకటించిన వృత్తివ్యాధుల గ్రంథమున సున్నపు పనివారి అవస్థలను వర్ణించెను. అసహజముగ వంగి పనిచేయుటవలని కీడును గూడ తెలిపెను.

నేటి సిమెంటు పూతకును ఈ మాటలు వర్తించును. పిడి మరీ సన్ననైనచో పిడికిలి బిగియును. పలకకు మరీ దగ్గరైనచో వ్రేళ్లు ఒరసికొనును. మణికట్టు వంగినచో నొప్పి పుట్టును. కావున పనిముట్టు కొనువారు వెలతోబాటు పిడినిగూడ చూడవలెను. గోడ నేటితో ముగియును. ఆ చేయి రేపు మరియొక గోడకు పోవలెను.