వెంట్‌వర్త్ వీధికి అటూ ఇటూ

సెప్టెంబర్ 10 వస్తోందంటే షికాగోకు ఒక బేస్‌బాల్ ఆట గుర్తుకు రావాలి. 1933లో ఆ తేదీన, ఆదివారం పూట, వాన పడుతుండగా జరిగింది. 2033కి దానికి నూరేళ్లు నిండుతాయి. ప్రపంచ క్రీడా చరిత్రలో అంత అందమైన ఆదివారం మరొకటి లేదని నా నమ్మకం.

ఆ నగరంలో ‘నీది ఏ జట్టు?’ అని అడిగితే ‘నీది ఏ పేట?’ అని అడిగినట్టే. ఉత్తరాన ఉండేవాళ్లది కబ్స్, దక్షిణాన ఉండేవాళ్లది వైట్ సాక్స్. తాతలు, తండ్రుల నుంచి వచ్చే ఆస్తిలో ఇల్లున్నా లేకపోయినా జట్టు మాత్రం ఉంటుంది. దక్షిణ భాగంలోనే మళ్లీ ఇంకో గీత ఉండేది, అది వెంట్‌వర్త్ వీధి. దానికి తూర్పున నల్లవాళ్ల బ్రాంజ్‌విల్, పడమరన ఐరిష్ వాళ్ల బ్రిడ్జ్‌పోర్ట్. వైట్ సాక్స్ మైదానం కొమిస్కీ పార్క్ ఆ గీతకు నాలుగడుగులు పడమరగా ఉండేది.

ఆ గీత పుట్టుకకు ముందు కథ చాలానే ఉంది. 18వ శతాబ్దం చివర్లో నది ఒడ్డున మొదట స్థిరపడిన బయటివాడు డు సాబ్ల్ అనే నల్లజాతి వ్యాపారి. 1833లో అది పట్టణమైంది, 1871లో కాలిపోయింది, మళ్లీ లేచింది. 1876లో నేషనల్ లీగ్ పెట్టినప్పుడు షికాగో జట్టు అందులో ఉంది. ఆ జట్టు నాయకుడు క్యాప్ ఆన్సన్ నల్ల ఆటగాళ్లున్న జట్టుతో ఆడనని మొండికేసినవాడు. ఆ తర్వాత పెద్ద లీగుల తలుపులు ఆరు దశాబ్దాలు మూసుకుపోయాయి. ఎక్కడా రాతపూర్వకమైన నిషేధం లేదు, అందరూ కలిసి పాటించారంతే.

ఈలోగా దక్షిణాది పత్తి పొలాల నుంచి నల్ల కుటుంబాలు రైలెక్కి షికాగో చేరాయి. ‘షికాగో డిఫెండర్’ అనే నల్లవాళ్ల పత్రికను పుల్‌మన్ రైలు పోర్టర్లు తమ సామాన్లలో దాచి మిసిసిపీ దాకా మోసేవారు. 1910లో నగరంలో 44 వేలున్న నల్లజాతి జనాభా 1930కి రెండు లక్షలు దాటింది. వచ్చినవాళ్లను వెంట్‌వర్త్‌కు తూర్పున ఒక్క సన్నని పట్టీలోనే ఇరికించారు. 1919 జులై 27న, మిషిగన్ సరస్సులో ఈతకు దిగిన యూజీన్ విలియమ్స్ అనే 17 ఏళ్ల కుర్రాడు తెప్ప మీద తేలుతూ తెల్లవాళ్ల ఒడ్డు వైపు వెళ్లాడని రాళ్లు విసిరారు. మునిగి చనిపోయాడు. తర్వాతి అల్లర్లలో 38 మంది ప్రాణాలు పోయాయి.

మరుసటి ఏడే రూబ్ ఫాస్టర్ నల్లవాళ్ల సొంత లీగు, నీగ్రో నేషనల్ లీగు, పెట్టాడు. ఆయన జట్టు అమెరికన్ జెయింట్స్. 39వ వీధి, వెంట్‌వర్త్ కూడలిలో, వైట్ సాక్స్ వదిలేసి వెళ్లిన పాత మైదానంలో ఆడేది. తర్వాత మతి చలించి, 1930లో ఆస్పత్రిలోనే ఫాస్టర్ కన్నుమూశాడు.

ఇక 1933కు వద్దాం. ఆ వేసవిలో నగరం నూరేళ్ల ప్రగతి పేరుతో ప్రపంచ ప్రదర్శన పెట్టింది. ఆ సందడిలోనే జులై 6న కొమిస్కీ పార్క్‌లో తెల్ల లీగుల తొలి ఆల్ స్టార్ మ్యాచ్ జరిగింది. బేబ్ రూత్ హోమ్ రన్ కొట్టాడు. రెండు నెలలు తిరిగేసరికి పిట్స్‌బర్గ్ క్రాఫర్డ్స్ జట్టు యజమాని గస్ గ్రీన్లీ అదే మైదానాన్ని అద్దెకు తీసుకుని నల్ల ఆటగాళ్ల తూర్పు–పడమర ఆట పెట్టాడు. ఆటగాళ్లను ఎంచింది అభిమానులే. ‘డిఫెండర్’, ‘పిట్స్‌బర్గ్ కొరియర్’ పత్రికల ద్వారా ఓట్లు పంపారు. దక్షిణాదిలో ఓటు వేయనివ్వని మనుషుల బంధువులు ఇక్కడ తమ వీరులకు ఓటేశారు. అన్నిటికన్నా ఎక్కువ ఓట్లు ఆస్కార్ చార్ల్‌స్టన్‌కు వచ్చాయి.

వానను లెక్కచేయకుండా సుమారు 20 వేల మంది వచ్చారు. తూర్పు జట్టులో చార్ల్‌స్టన్, జోష్ గిబ్సన్, కూల్ పాపా బెల్. పడమర జట్టుకు మొదటి నుంచి చివరిదాకా బంతి వేసినవాడు విల్లీ ఫాస్టర్, రూబ్‌కు సవతి తమ్ముడు. అన్న కలగన్న రోజున తమ్ముడు తొమ్మిది ఇన్నింగ్స్‌లూ నిలబడ్డాడు. మ్యూల్ సటిల్స్ హోమ్ రన్ కొట్టాడు. 11–7తో పడమర గెలిచింది.

మరుసటేడు, ఆగస్టు 26న జరిగిన ఆట నాకు ఇంకా ఇష్టం. ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా ఇరువైపులా సున్నాలే. ఆరో ఇన్నింగ్స్‌లో ప్రత్యర్థి రెండో బేస్ మీద ఉండగా తూర్పు తరఫున శాచెల్ పేజ్ బంతి అందుకున్నాడు. అక్కడి నుంచి ఒక్క పరుగూ రానివ్వలేదు. ఎనిమిదిలో కూల్ పాపా బెల్ మొదటి బేస్ చేరి, కన్నుమూసి తెరిచేలోగా రెండోది దొంగిలించాడు. జడ్ విల్సన్ బంతి కొట్టగానే బెల్ పరుగెత్తి హోమ్ ప్లేట్ చేరాడు. 1–0తో తూర్పు గెలిచింది. ఆ కాళ్ల వేగాన్ని తెల్ల లీగులు ఒక్క సీజన్ కూడా వాడుకోలేదు. నష్టం వాళ్లదే.

ఏటా ఆ ఆదివారానికి బ్రాంజ్‌విల్‌లో తిరునాళ్లే. దక్షిణాది నుంచి రైళ్లు నిండి వచ్చేవి, జనం పెళ్లికి వెళ్లినట్టు ముస్తాబై వచ్చేవారు. 1943లో 50 వేలు దాటారు. కొన్నేళ్లు తెల్ల లీగుల ఆల్ స్టార్ ఆటకన్నా ఇక్కడే జనం ఎక్కువ. మామూలు రోజుల్లో ఆ గీత దాటితే దెబ్బలు తినాల్సిన మనుషులు, ఆ ఒక్క రోజు మైదానమంతా తమదిగా కూర్చున్నారు. నన్ను కదిలించేది ఇదే. జట్టు యజమానిదే అయినా ఆటను తమదిగా చేసుకున్నది మాత్రం జనం.

1947లో నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్‌లో పెద్ద లీగుల తలుపు తెరిచాక ఆ తిరునాళ్ల సందడి తగ్గింది. 1951 మే 1న నల్లజాతి క్యూబన్ మిన్నీ మిన్యోసో వైట్ సాక్స్ తరఫున తొలిసారి బ్యాట్ పట్టి, ఆ మొదటి అవకాశంలోనే హోమ్ రన్ కొట్టాడు. 1953లో నల్ల ఆటగాడు ఎర్నీ బ్యాంక్స్ కబ్స్‌కు వచ్చాడు.

ఆ తర్వాత కథకు ఒక దారీ తెన్నూ లేదు. వెంట్‌వర్త్ పక్కనే డాన్ ర్యాన్ ఎక్స్‌ప్రెస్‌వే పడి గీత కాస్తా అగడ్త అయింది. 1979 జులై 12న కొమిస్కీ పార్క్‌లో రెండు ఆటల నడుమ డిస్కో రికార్డులను పేల్చితే వేలమంది మైదానం మీదకు దూకారు. తగలబడిన రికార్డుల్లో నల్ల కళాకారులవి బోలెడు. 1991లో పక్కనే కొత్త మైదానం వచ్చింది, పాతది కూల్చారు. 2005లో వైట్ సాక్స్, 2016లో కబ్స్ కప్పు గెలిచాయి. వైట్ సాక్స్ అభిమాని ఒకాయన దేశాధ్యక్షుడయ్యాడు, మరొకాయన పోప్ అయ్యాడు. ఆ సంబరాల మధ్యే 2014లో దక్షిణ భాగపు నల్ల పిల్లల జట్టు జాకీ రాబిన్సన్ వెస్ట్ లిటిల్ లీగ్‌లో అమెరికా విజేతగా నిలిచింది. పెద్దలు హద్దులు దాటి పిల్లల్ని చేర్చారంటూ 2015లో ఆ బిరుదు లాక్కున్నారు. నగరాన్ని గీతలతో ముక్కలు చేసినవాళ్లను ఎవరూ ఏమీ అడగలేదు. పెద్ద లీగుల్లో నల్ల అమెరికన్ ఆటగాళ్లు 1981లో 18 శాతం దాటి ఉండేవారు, 2024కు 6 శాతానికి పడిపోయారు.

షికాగో చుట్టుపక్కల మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. ఇంటికి చుట్టాలొస్తే రిగ్లీ ఫీల్డ్ చూపిస్తారు, మంచిదే. ఒక్కసారి రెడ్ లైన్ రైలెక్కి సాక్స్–35వ వీధి స్టేషన్‌లో దిగండి. కొత్త మైదానానికి ఉత్తరాన ఉన్న పార్కింగ్ స్థలంలో పాత హోమ్ ప్లేట్ ఉన్నచోట పాలరాతి గుర్తు ఉంది. కూల్ పాపా బెల్ పరుగెత్తి చేరింది అక్కడికే. దాన్ని మీ పిల్లలకు చూపించండి.