అడ్డపొగ నుంచి బ్యాటరీ గొట్టం దాకా

పొగాకు మన దేశానికి వచ్చి నాలుగు శతాబ్దాలు దాటింది. పోర్చుగీసు ఓడల మీద వచ్చిన ఈ ఆకును, 1604 ప్రాంతంలో అసద్ బేగ్ బిజాపూరు నుంచి తెచ్చి అక్బరు ముందు పెట్టాడు. 1617లో జహంగీరు దాన్ని నిషేధించినా ఆగలేదు. గోదావరి లంకల్లో పంటగా స్థిరపడి, గురజాడ సృష్టించిన గిరీశం నోట వెలిగేనాటికి చుట్ట కళింగాంధ్రకు బాగా పాతదైపోయింది. ఈనె తీసిన ఆకును మెత్తబరచి, లోపల ముక్కలు పేర్చి, పైన మరో ఆకు బిగించి చుట్టడమే దాని నిర్మాణం. హుక్కాకు నీళ్లూ గొట్టమూ కావాలి; చుట్టకు రెండు చేతులు చాలు.

ఆ చుట్టను మరో మెట్టు ఎక్కించింది మన తీరమే. మహేంద్రతనయ కడలిలో కలిసే బారువ ఒకనాడు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా రేవు. 1936లో విశాఖపట్నం జిల్లాలోకి, 1950లో శ్రీకాకుళం జిల్లాలోకి వచ్చింది. ఏలుబడులు మారినా ఈ ఇసుకనేలల్లో ఆడవాళ్ల అడ్డపొగ మారలేదు. చుట్ట వెలిగిన కొసను నోట్లో పెట్టుకుని పెదవులు మూస్తారు. బయటి కొస నుంచి గాలి లోపలికి సాగి నిప్పును నిలబెడుతుంది. సముద్రపు గాలికి ఆరదు, నిప్పురవ్వ చంకలోని బిడ్డ మీద పడదు, చేతులకు పని ఆగదు. మొదట ఎవరు తిప్పి పెట్టారో పేరు మిగల్లేదు గాని, పొగాకు పరికరాల రూపకర్తల వరుసలో ఆ అమ్మలకు నేను ముందు పీట వేస్తాను.

అయితే ఆ నేర్పుకు మూల్యం అంగిలి చెల్లించింది. నోటిలో వేడి 120 డిగ్రీల దాకా పోతుందని కొలిచారు. అడ్డపొగకూ అంగిలి క్యాన్సర్‌కూ ఉన్న బంధాన్ని విశాఖపట్నం వైద్యులు కిని, సుబ్బారావు 1937లోనే గుర్తించారు. తర్వాత డెన్మార్క్ నిపుణుడు పిండ్‌బోర్గ్, బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన ఫలీ మెహతా బృందం శ్రీకాకుళం జిల్లాలో ఇల్లిల్లూ తిరిగి 10,169 మందిని పరీక్షించారు. 1971లో వెలువడిన ఆ అధ్యయనం ప్రకారం నూటికి దాదాపు 44 మందిది అడ్డపొగే. ప్రపంచ దంతవైద్యంలో శ్రీకాకుళం పేరు అలా నిలిచింది. ఆ తర్వాతి దశాబ్దంలో ఇదే జిల్లాలో ఇంటింటికీ వెళ్లి నచ్చజెప్పినచోట నోటి మచ్చలు తగ్గడం కూడా చూశారు. నాకు అన్నిటికన్నా గొప్ప మలుపు అదే.

ఇక నిప్పును ఎక్కడ దాచాలన్న పాత ప్రశ్ననే సముద్రాల అవతలి కంపెనీలు తిరగేశాయి. 1988లో రేనాల్డ్స్ కంపెనీ ‘ప్రీమియర్’ సిగరెట్టు కొసన బొగ్గు పెట్టింది. జనానికి నచ్చక మరుసటి ఏడే పోయింది. 1998లో ఫిలిప్ మోరిస్ కంపెనీ ‘అకార్డ్’ పరికరం బ్యాటరీని తెచ్చింది. 2014లో జపాన్‌లోని నగోయాలో వచ్చిన ‘ఐకోస్’, సన్నని పలకతో పొగాకును 350 డిగ్రీల దాకా కాల్చకుండా కాచింది. నిప్పు పోయింది, నికోటిన్ మిగిలింది. 2019లో మన పార్లమెంటు ఈ వేడి పరికరాలను కూడా ఎలక్ట్రానిక్ సిగరెట్ల నిషేధ చట్టంలో చేర్చింది. చుట్టకు ఆ నిషేధం లేదు. అందుకే శ్రీకాకుళం తీరంలోని ఉద్దానం పల్లెల్లో అడ్డపొగ అలవాటున్న ముసలమ్మల అంగిలి మీద తెల్లమచ్చ గాని, మానని పుండు గాని ఉందేమో, గడప దగ్గరికి వచ్చే ఆరోగ్య కార్యకర్త (ఏఎన్ఎమ్) నోరు తెరిపించి చూడాలి.