లినక్స్ టచ్‌ప్యాడ్ డ్రైవర్లు: కర్సర్ దోషాల నిర్ధారణ చరిత్ర

లినక్స్ ఉన్న ల్యాప్‌టాప్‌లో వేలు నిలకడగా ఉన్నా కర్సర్ తెర మూలకు గెంతడం, టైపు చేస్తుంటే అరచేయి తగిలి అక్షరాలు వేరే పేరాలో పడడం, తట్టకుండానే క్లిక్ అయిపోవడం, నిద్రాణ స్థితి నుంచి లేచాక ప్యాడ్ అసలు పలకకపోవడం తరచుగా కనిపించే టచ్‌ప్యాడ్ దోషాలు. వీటి మూలం కనుక్కుని సరిదిద్దే పని 2001 ప్రాంతం నుంచి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ డ్రైవర్ల రచయితల చేతుల మీదుగా నడుస్తోంది. మొదటి దశాబ్దంలో ఆ పనికి కేంద్రం సినాప్టిక్స్ డ్రైవర్. 2014 తర్వాత లిబ్‌ఇన్‌పుట్. ఈ కాలంలో వచ్చిన అసలు మార్పు దోషాన్ని చూసే తీరులో ఉంది. ఎవరి ల్యాప్‌టాప్‌లో వారు అంకెలు మార్చుకుని సర్దుకుపోయే అలవాటు క్రమంగా తగ్గింది. ప్యాడ్ పంపిన సమాచారాన్ని ఉన్నదున్నట్టు నమోదు చేసి, తప్పు ఏ దశలో జరిగిందో తేల్చి, ఆ మోడల్ వాడే అందరికీ ఒకేసారి సరిచేసే పద్ధతి స్థిరపడింది.

వేలి నుంచి కర్సర్ దాకా

టచ్‌ప్యాడ్ పైపొర కింద అడ్డంగా, నిలువుగా సన్నని వాహకాల అల్లిక ఉంటుంది. వేలు ఆనగానే అక్కడి కెపాసిటెన్స్ మారుతుంది. ప్యాడ్‌లోని చిప్ ఆ మార్పును కొలిచి వేలు ఎక్కడుందో, ఎంత మేర ఆనిందో లెక్కగట్టి బైట్ల రూపంలో పంపుతుంది. కెర్నెల్‌లోని డ్రైవర్ ఆ బైట్లను విడదీసి అన్ని పరికరాలకూ ఉమ్మడిగా ఉన్న రూపంలోకి మారుస్తుంది. ఆ వేలు కర్సర్‌ను జరుపుతోందా, తట్టిందా, అసలు అది వేలేనా అరచేయా అన్నది ఆ పై అంచెలో ఉన్న డ్రైవర్ తేల్చాలి.

మౌస్ ఎంత జరిగిందో అదే చెబుతుంది. టచ్‌ప్యాడ్ మాత్రం వేలున్న చోటు చెప్పి ఊరుకుంటుంది. పాత చోటును కొత్త చోటులోంచి తీసేసి కదలికను రాబట్టుకోవలసింది డ్రైవరే. అందుకే ఒక్క తప్పు అంకె వస్తే చాలు, కర్సర్ తెరకు అడ్డంగా ఎగిరిపోతుంది. చిప్ తప్పు కొలిచినా, దారిలో బైటు పోయినా, కెర్నెల్ తప్పుగా విడదీసినా, పై డ్రైవర్ తప్పుగా ఊహించినా కంటికి కనబడేది ఆ గెంతు ఒక్కటే. దోష నిర్ధారణ కష్టమంతా ఇక్కడే ఉంది.

మౌస్ వేషంలో ప్యాడ్‌లు

జార్జ్ గెర్‌ఫైడ్ కెపాసిటెన్స్ ఆధారిత టచ్‌ప్యాడ్‌ను రూపొందించి సర్క్ సంస్థను స్థాపించాడు. ఆ పరిజ్ఞానాన్ని లైసెన్సు మీద తీసుకున్న యాపిల్ 1994లో పవర్‌బుక్ 500 శ్రేణిలో టచ్‌ప్యాడ్‌ను అందించింది. మరోవైపు ఇంటెల్ 4004 రూపకర్తల్లో ఒకడైన ఫెడెరికో ఫాజిన్, కార్వర్ మీడ్‌తో కలిసి 1986లో నెలకొల్పిన సినాప్టిక్స్ సంస్థ న్యూరల్ నెట్‌వర్కుల పరిశోధనతో మొదలై టచ్‌ప్యాడ్‌ల వైపు మళ్లింది. కొన్నేళ్లలోనే ల్యాప్‌టాప్‌లలో ఎక్కడ చూసినా ఆ సంస్థ ప్యాడ్‌లే.

డ్రైవర్ లేకున్నా పనిచేయాలని ఈ ప్యాడ్‌లను పీఎస్/2 మౌస్‌లా నటించేలా తయారుచేశారు. ఆ స్థితిలో ప్యాడ్ మూడేసి బైట్ల పొట్లాలు పంపుతుంది. తట్టడాన్ని క్లిక్‌గా మార్చేదీ అదే. ప్రత్యేక ఆజ్ఞల వరస పంపితే వేషం విడిచి, ఆరు బైట్ల పొట్లాల్లో వేలి స్థానం, ఒత్తిడి, వెడల్పు చెప్పడం మొదలుపెడుతుంది. సెకనుకు గరిష్ఠంగా 80 పొట్లాలు.

ఆ రెండో స్థితిని వాడుకోవడానికి 2001లో స్టెఫాన్ గ్మైనర్, 2002 నుంచి పీటర్ ఓస్టర్‌లుండ్ ఎక్స్ విండో వ్యవస్థకు సినాప్టిక్స్ డ్రైవర్‌ను తీర్చిదిద్దారు. 2003 డిసెంబరులో వచ్చిన కెర్నెల్ 2.6 సినాప్టిక్స్ ప్యాడ్‌ను తానే గుర్తించి ఆరు బైట్ల స్థితికి మార్చడం మొదలుపెట్టింది. మంచి ఉద్దేశంతో చేసిన ఆ మార్పు చాలామందిని ఇబ్బంది పెట్టింది. పైన సినాప్టిక్స్ డ్రైవర్ లేనివారికి కెర్నెల్ మార్చిన మరుక్షణం తట్టడం పోయింది, కర్సర్ వేగం మారింది. బూట్ సమయంలో కెర్నెల్‌కు ‘పీఎస్‌మౌస్.ప్రోటో=ఐఎమ్‌పీఎస్’ అని చెప్పి ప్యాడ్‌ను మళ్లీ మౌస్ వేషంలోకి పంపడం నాటి చిట్కా. దోషం కర్సర్ దగ్గర కనబడినా, నిజానికి రెండు అంచెలు ఒకదానితో ఒకటి పొందిక తప్పడం వల్ల పుట్టింది.

పోయిన బైట్లు

ఆ రోజుల్లో కెర్నెల్ లాగ్‌లో అందరికీ పరిచయమైన ఫిర్యాదు, ప్యాడ్‌తో లయ తప్పింది, కొన్ని బైట్లు పారేస్తున్నాను అన్నది. ఆరు బైట్ల పొట్లంలో ఒక్క బైటు దారిలో పోతే ఆ తర్వాతివన్నీ ఒక స్థానం జరిగిపోతాయి. ఒత్తిడి చెప్పే అంకెను డ్రైవర్ వేలి స్థానంగా చదువుతుంది. దీన్ని పట్టుకోవడానికి పొట్లంలో కొన్ని బిట్లు ఎప్పుడూ ఒకే విలువతో ఉండే ఏర్పాటుంది. అవి తేడాగా కనబడితే లయ తప్పినట్టు లెక్క. అది తెలిసేలోపు కర్సర్ గెంతనూవచ్చు, లేని క్లిక్ పడనూవచ్చు.

బైట్లు పోవడానికి కారణం చాలాసార్లు టచ్‌ప్యాడ్‌కు దూరంగా ఉండేది. ల్యాప్‌టాప్‌లో కీబోర్డును, టచ్‌ప్యాడ్‌ను, బ్యాటరీ సమాచారాన్ని తరచుగా ఒకే చిన్న నియంత్రణ చిప్ చూసుకుంటుంది. బ్యాటరీలో ఎంత మిగిలిందని డెస్క్‌టాప్ పట్టీలోని బొమ్మ అడిగిన ప్రతిసారీ కొన్ని యంత్రాల్లో ఆ చిప్ టచ్‌ప్యాడ్ బైట్లను సమయానికి అందించలేకపోయేది. కర్సర్ నియమిత వ్యవధుల్లో గెంతుతోందంటే బ్యాటరీ బొమ్మను తీసేసి చూడమనడం అప్పట్లో సరైన సలహా. గెంతుల మధ్య వ్యవధిని గమనించడం ఈనాటికీ మంచి మొదటి అడుగు: క్రమం తప్పకుండా వచ్చే గెంతుకు వెనక గడియారం పట్టుకున్న ప్రోగ్రాం ఏదో ఉంటుంది.

అంకెల కాలం

సినాప్టిక్స్ డ్రైవర్ వాడుకరికి పదుల సంఖ్యలో అమరికలు ఇచ్చింది. ఒత్తిడిని 0 నుంచి 255 దాకా కొలిస్తే 30 దాటినప్పుడు వేలు ఆనినట్టు, 25 కంటే తగ్గినప్పుడు లేచినట్టు. 180 మిల్లీసెకన్లలోపు వేలు తీస్తే తట్టినట్టు. అరచేతిని గుర్తించడానికి ఒత్తిడికి, వెడల్పుకు వేరే హద్దులు. మొదట్లో ఇవన్నీ ఎక్స్ అమరికల ఫైల్లో రాసి ఎక్స్‌ను మళ్లీ ప్రారంభించాలి. పని జరుగుతుండగానే మార్చుకోవాలంటే ఉమ్మడి మెమరీ తెరవాలి. అలా తెరిస్తే ఆ యంత్రంలోని ఇతర వాడుకరులూ అమరికల్లో వేలు పెట్టగలరని డ్రైవర్ పత్రాలే హెచ్చరించేవి. సిన్‌క్లయింట్ అనే ఉపకరణం అమరికలను మార్చేది. టైపు చేస్తున్నంతసేపూ ప్యాడ్‌ను ఆపేసే పని సిన్‌డెమన్‌ది. చివరి మీట నొక్కిన రెండు సెకన్లకు ప్యాడ్‌ను తిరిగి తెరవడం దాని సహజ అమరిక.

ఈ స్వేచ్ఛలో ఒక లోపం దాగి ఉంది. ఒకరికి కుదిరిన అంకెలను మరొకరు యథాతథంగా ఎక్కించుకునేవారు. కానీ ఆ అంకెలకు మిల్లీమీటర్ల వంటి స్థిరమైన కొలత లేదు. పాత సినాప్టిక్స్ ప్యాడ్ అడ్డంగా సుమారు 1472 నుంచి 5472 దాకా లెక్కపెడితే, ఆల్ప్స్ సంస్థ పాత ప్యాడ్ 0 నుంచి 1023 దాకా లెక్కపెట్టేది. మొదటిదానిలో వేలి వణుకును మింగేసే అంకె రెండోదానిలో నిజమైన కదలికనే మింగేస్తుంది. పైగా అమరికతో దోషం కప్పబడిపోయాక దాన్ని ఎవరూ డ్రైవర్ రచయితలకు తెలియజేయరు; అదే మోడల్ కొన్న తర్వాతి మనిషి మళ్లీ మొదటినుంచి వెతుక్కోవలసిందే.

తయారీదారులు సమాచారం ఇవ్వని ప్యాడ్‌లది మరో అవస్థ. కెర్నెల్‌కు పరిచయం లేని ప్యాడ్ మామూలు మౌస్‌గా నమోదవుతుంది. అప్పుడు తట్టడాన్ని ఆపే వీలు గానీ, అరచేతిని వేరుచేసే వీలు గానీ ఉండదు. ఎలాన్ ప్యాడ్‌లకు ఆర్యన్ ఓప్‌మీర్ రాసిన డ్రైవర్ 2008లో కెర్నెల్లోకి వచ్చింది. ఆల్ప్స్ కొత్త ప్యాడ్‌ల భాషను సేథ్ ఫోర్షీ బైట్ల వరసలు చూసి విప్పాడు. పత్రాలేవీ లేకుండా, వేలు జరుపుతూ ఏ బిట్ మారుతోందో గమనించి రాసిన ఆ పనికి దక్కిన గుర్తింపు చాలదు.

రెండు వేళ్లు, మాయమైన మీటలు

రెండో వేలు రంగంలోకి రాగానే కొత్త రకం గెంతులు పుట్టాయి. కొన్ని ప్యాడ్‌లు రెండు వేళ్ల స్థానాలను విడివిడిగా చెప్పలేవు. రెండింటినీ కలుపుకునే దీర్ఘచతురస్రం మూలలను మాత్రమే చెబుతాయి. వేళ్లు ఏ రెండు ఎదురు మూలల్లో ఉన్నాయో డ్రైవర్‌కు తెలియదు. రెండో వేలు ఆనినప్పుడూ లేచినప్పుడూ కర్సర్ ఎగరడానికి ఈ అస్పష్టత ఒక కారణం.

2008 అక్టోబరులో యాపిల్ మ్యాక్‌బుక్‌లలో విడి మీట తీసేసి ప్యాడ్ మొత్తాన్నే మీటగా చేసింది. మిగతా తయారీదారులు అనుసరించారు. బొటనవేలితో కింది అంచు నొక్కి పట్టి చూపుడువేలితో లాగితే, ప్యాడ్ మీద ఒకే వేలు ఉంటుందనుకుని రాసిన డ్రైవర్ ఒకసారి బొటనవేలిని, మరుక్షణం చూపుడువేలిని చదివేది. 2012లో వచ్చిన సినాప్టిక్స్ డ్రైవర్ 1.6 ఈ రకం ప్యాడ్‌లను సరిగా అర్థం చేసుకోవడానికి చాలా శ్రమపడింది. అప్పటికి డ్రైవర్ బాధ్యత రెడ్ హ్యాట్‌కు చెందిన పీటర్ హటరర్‌ది. ఆ మరుసటి ఏడాది లెనోవో థింక్‌ప్యాడ్ టీ440లో కీబోర్డు మధ్యలో కర్సర్‌ను జరిపే ఎర్ర కడ్డీకి తోడుండే మూడు మీటలను కూడా ప్యాడ్‌లోనే కలిపేసింది. ప్యాడ్ పై అంచులో ఎక్కడ నొక్కితే ఏ మీటో సాఫ్ట్‌వేరే ఊహించాలి. హాన్స్ డి గోడ తదితరులు 2014లో కెర్నెల్ నుంచి పై డ్రైవర్ దాకా ఆ ఊహకు కావలసిన మార్పులు చేశారు. 2015 మోడళ్లలో లెనోవో విడి మీటలను తిరిగి పెట్టింది.

లిబ్‌ఇన్‌పుట్

2013లో జోనస్ ఓడాల్, ఎక్స్‌కు వారసుడిగా రూపొందుతున్న వేలాండ్ నమూనా కంపోజిటర్ వెస్టన్‌లోని ఇన్‌పుట్ భాగాన్ని విడదీసి లిబ్‌ఇన్‌పుట్‌ను మొదలుపెట్టాడు. హటరర్, డి గోడ తోడయ్యారు. 2014లో మొదటి విడుదలలు, 2015లో 1.0 వచ్చాయి, లినక్స్ పంపిణీ ఫెడోరా 22 లిబ్‌ఇన్‌పుట్‌ను ప్రధాన డ్రైవర్‌గా స్వీకరించింది. 2016 మార్చిలో వచ్చిన గ్నోమ్ 3.20 డెస్క్‌టాప్ తన అమరికల్లో సినాప్టిక్స్‌కు మద్దతు తొలగించింది.

లిబ్‌ఇన్‌పుట్ అమరికలను బాగా కుదించింది. అలవాటైన అంకెలు పోయాయని వాడుకరులు ఆగ్రహించారు. కర్సర్ వేగం విషయంలో వారి అసంతృప్తికి న్యాయముంది. దోష నిర్ధారణ వరకు మాత్రం ఆ నిర్ణయం సరైనదే. అన్ని లెక్కలూ మిల్లీమీటర్లలో జరగడంతో ప్యాడ్ అసలు కొలతలు తెలియడం తప్పనిసరైంది. కెర్నెల్ చెప్పే కొలత తప్పైతే అంచుల్లో వేలు పెట్టి జరిపి కొలిచే ఉపకరణం ఉంది. అలా తేలిన విలువ హార్డ్‌వేర్ పట్టికలో చేరి తర్వాతి విడుదలతో అందరికీ అందుతుంది. 2018లో 1.12 నుంచి ఒక్కో మోడల్‌కే ప్రత్యేకమైన వింత ప్రవర్తనలకు విడిగా ఫైళ్లు ఏర్పడ్డాయి.

అంతకంటే విలువైనది నమోదు సదుపాయం. దోషం జరిగే క్షణంలో ‘లిబ్‌ఇన్‌పుట్ రికార్డ్’ నడిపితే ప్యాడ్ నుంచి కెర్నెల్ అందించిన ప్రతి సంఘటనా కాలంతో సహా ఫైల్లో పడుతుంది. ఆ ల్యాప్‌టాప్‌ను ఎన్నడూ చూడని రచయిత దాన్ని తన యంత్రంలో మళ్లీ ఆడించి అదే గెంతును చూడగలడు. సరిచేశాక అదే వరసను పరీక్షగా మార్చి, భవిష్యత్తులో ఆ దోషం తిరిగి రాకుండా కాపలా పెట్టగలడు. నమోదులోని అంకెలే గెంతితే తప్పు కెర్నెల్‌ది, చిప్‌ది లేదా విద్యుత్‌ది. అంకెలు నున్నగా సాగుతుండగా కర్సర్ గెంతితే తప్పు లిబ్‌ఇన్‌పుట్‌దే. వేలికి సాధ్యం కాని దూరం ఒక్క పొట్లం వ్యవధిలో కనబడితే లిబ్‌ఇన్‌పుట్ ఆ కదలికను వదిలేసి, ఇది కెర్నెల్ దోషమని లాగ్‌లో రాస్తుంది.

విద్యుత్, బ్యాటరీ, చెమ్మ

డ్రైవర్‌తో సంబంధం లేని కారణాలను ముందే తోసిపుచ్చాలి. ఎర్తింగ్ లేని సాకెట్‌లో ఛార్జర్ పెడితే దాని విద్యుత్ రొద ప్యాడ్ కొలతల్లో కలుస్తుంది. మన ఇళ్లలో మూడు కాళ్ల ప్లగ్గును రెండు కాళ్ల అడాప్టర్‌లో గుచ్చడం మామూలే కాబట్టి, ఛార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపి చూడడం ఇక్కడ మరీ అవసరం. తడి వేళ్లు, ప్యాడ్ మీది చెమట కూడా లేని వేలిని పుట్టిస్తాయి. ప్యాడ్ ఉబ్బినట్టుండి తనంతట తానే నొక్కుకుంటుంటే కింద బ్యాటరీ ఉబ్బి ఉండవచ్చు. అప్పుడు ల్యాప్‌టాప్‌ను వాడడం ఆపి బ్యాటరీ మార్పించాలి.

పీఎస్/2 తర్వాత

సెకనుకు 80 పొట్లాల పీఎస్/2 దారి రెండు వేళ్లకే ఇరుకు. కొత్త సినాప్టిక్స్ ప్యాడ్‌లకు ఎస్ఎమ్‌బస్ అనే రెండో దారి ఉంది. బెంజమన్ టిసువార్ తదితరుల కృషితో 2017 నాటికి కెర్నెల్ ఆ దారిని వాడడం నేర్చింది. ఏ మోడల్లో అది భద్రమో ముందే తెలియదు గనుక, తెలిసిన మోడళ్ల జాబితా పెట్టుకుని, మిగతావారిని ఒక అమరిక మార్చి చూసి ఫలితం తెలియజేయమని కెర్నెల్ లాగ్‌లోనే అడుగుతుంది.

2013లో విండోస్ 8.1తో పాటు మైక్రోసాఫ్ట్ తెచ్చిన ప్రెసిషన్ టచ్‌ప్యాడ్ ప్రమాణం వల్ల ఐ2సీ అనే మరో దారి మీద నడిచే ప్యాడ్‌లు చాలావరకు ఒకే భాష మాట్లాడసాగాయి. రహస్య బైట్లు విప్పే అవసరం తగ్గి, తప్పులు చుట్టుపక్కల భాగాల్లోకి జరిగాయి. లెనోవో లీజియన్ 5 వంటి 2020 నాటి కొన్ని ఏఎండీ ల్యాప్‌టాప్‌లలో టచ్‌ప్యాడ్ దాదాపు చచ్చుబడినట్టు ఉండేది. చివరికి కారణం టచ్‌ప్యాడ్ డ్రైవర్లో దొరకలేదు. ప్యాడ్ కబురు ఉందని చిప్‌సెట్‌కు తెలిపే పిన్ మీద కెర్నెల్ పెట్టిన వడపోత ఆ సంకేతాలను మింగేసేది. ఆ ఏడాది చివర్లో దాన్ని తొలగించారు.

ఇటీవలి హ్యాప్టిక్ ప్యాడ్‌లలో కదిలే మీటే లేదు; నొక్కిన బలాన్ని కొలిచి కంపనంతో క్లిక్ అనుభూతి ఇస్తాయి. పాత ప్యాడ్‌లలో ఒత్తిడి అంకె అంటే వేలు ఆనిన విస్తీర్ణానికి గుర్తు, వీటిలో అది నిజమైన బలం. పాత అర్థంలో చదివితే గట్టిగా నొక్కిన వేలు అరచేయిగా లెక్కకు వచ్చి, క్లిక్ చేయబోయిన క్షణానే కర్సర్ ఆగిపోతుంది. అలాంటి మోడళ్లను లిబ్‌ఇన్‌పుట్ తన ప్రత్యేక ఫైళ్లలో విడిగా గుర్తు పెట్టి, వాటి ఒత్తిడి అంకెను అరచేతి నిర్ణయానికి వాడకుండా వదిలేస్తుంది.