కప్పిపుచ్చు
బాధితుల పేర్లను ‘కప్పిపుచ్చారు’ అని మొన్నొక వార్త. పేర్లను గోప్యంగా ఉంచుతారు, కప్పిపుచ్చేది తప్పును. ఈ పుచ్చు పుచ్చు వంకాయలోది కాదు. పాత తెలుగులో పుచ్చడమంటే పోయేలా చేయడం, పంపడం. పొద్దు పోతే పొద్దుపుచ్చడం, చిన్నబోతే చిన్నబుచ్చడం. ‘పుత్తెంచు’ కూడా వీటి చుట్టమే. అంటే ఉత్తినే కప్పడం కాదు, కప్పి సాగనంపడం. ఒక ఉదాహరణ చూడండి. అమెరికా కాంగ్రెస్‌లోని టీనేజీ సహాయకులకు అసభ్య సందేశాలు పంపిన రిపబ్లికన్ సభ్యుడు మార్క్ ఫోలీ 2006 సెప్టెంబరు 29న రాజీనామా చేశాడు. అతని తీరు గురించి పార్టీ పెద్దలు కొందరికి ముందే తెలుసు. వాళ్లు నిర్లక్ష్యం చూపారు గానీ నిబంధనలు ఉల్లంఘించలేదని డిసెంబరులో ప్రతినిధుల సభ నైతిక విలువల కమిటీ తేల్చింది. నిర్లక్ష్యమట! తెలుగులో దాన్ని కప్పిపుచ్చడమే అంటాం.